వెనకేసిన కిటికీ

ఆ ఉదయం నిఘంటువు వేసుకున్న పథకం చాలా చిన్నది. తన ఆఫీసుకు సెలవు కనుక స్నేహితుడి ఫోటో స్టూడియోకు వెళ్ళాలి. అక్కడి కంప్యూటర్‌లో ఉన్న పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను తీసేయాలి. తన చొక్కా జేబులో, పెన్‌డ్రైవ్‌లో ఒదిగి ఉన్న కొత్తదాన్ని ఎక్కించాలి. భోజనం వేళకు ఇల్లు చేరాలి. ఈ పథకంలో వడ్రంగి లేడు. తాపీమేస్త్రీ అసలే లేడు.

నిఘంటువు అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, కాలేజీలో మిత్రులు తగిలించిన బిరుదు. ఒక చిన్న ప్రచురణ సంస్థలో అచ్చుతప్పులు దిద్దే ఉద్యోగం అతనిది. నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు పట్టే మనిషి. అయితే రెండు ప్రస్తావనలు వస్తే మాత్రం ఆ సిగ్గు ఎటుపోతుందో పోతుంది: ఒకటి తెలుగు మాట, రెండోది తన జేబులోని ఆపరేటింగ్ సిస్టమ్.

ఆ రెండో ప్రేమ పుట్టింది కాలేజీ కంప్యూటర్ ల్యాబులో. అక్కడ ముగ్గురికి ఒక్క యంత్రం ఇచ్చేవారు, ముగ్గురికీ కలిపి రెండు కుర్చీలు. ఆ ముగ్గురూ నిఘంటువు, ఫోటోగ్రాఫర్, ఇప్పుడు బడిలో లెక్కలు చెబుతున్న టీచర్. యంత్రం మేలుకునేలోగా టీచర్ ఒక సినిమా కథ సగం చెప్పేది. మధ్యలో అది బిగుసుకుపోతే మిగతా సగమూ పూర్తయ్యేది. ఒక వాన మధ్యాహ్నం ల్యాబు మాస్టారు ఏదో పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీని వాళ్ళ చేతిలో పెట్టి, ఇదొకటి వేసి చూడండర్రా అన్నారు. కాసేపటికి తెర మీద, ఆ సీడీలోని ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుర్తుగా, నల్లకోటు తొడుక్కున్నట్టుండే పెంగ్విన్ పక్షి ఒకటి చతికిలబడి కూర్చుంది. మిగిలిన ఇద్దరూ చూసి, నవ్వి, క్యాంటీనుకు వెళ్ళిపోయారు. నిఘంటువు ఆ పక్షి దగ్గరే ఉండిపోయాడు. ఒక విధంగా ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఆ ఇద్దరినీ మళ్ళీ ఆ రెండు కుర్చీల దగ్గరికి రప్పించాలన్నదే అప్పటినుంచీ అతని ఆరాటం.

లెక్కల టీచర్ ఒకసారి మొహమాటానికి ఒప్పుకుంది. ఆ కొత్త వ్యవస్థ ఆమె ప్రింటరును చూసి ముఖం తిప్పుకుంది. మర్నాడు పరీక్ష పేపరు మొత్తం ఆమె నల్లబల్ల మీద చేత్తో రాయవలసి వచ్చింది. అప్పటినుంచి నిఘంటువు ఫోన్ చేస్తే, క్షేమసమాచారాలకు ముందు, "సిస్టమ్ సంగతి తప్ప ఏదైనా మాట్లాడు" అంటుంది.

తన మతం నలుగురికీ ఎక్కకపోవడానికి కారణం పరాయి మాటలేనని నిఘంటువు నమ్మకం. అందుకని కంప్యూటర్ మాట ఏది కనబడినా దానికి తెలుగు చొక్కా తొడిగేవాడు. బగ్స్ అతని నోట పురుగులయ్యాయి. ప్యాచ్‌లు అతుకులయ్యాయి. డిస్కును రెండు భాగాలు చేయడం మధ్యలో గోడ కట్టడమైంది. విండోస్ అయితే ఏనాడో కిటికీలైపోయింది. ఉన్నవాటికి నకలు తీసి దాచే బ్యాకప్‌కు మొదట 'ప్రతిరూపనిక్షేపం' అని పెట్టాడు, ఆ మాట ఫోన్‌లో విని టీచర్, "ఏంట్రా, జలుబు చేసిందా?" అని అడిగింది. నొచ్చుకుని, ఎవరికైనా ఇట్టే అర్థమయ్యే మాట కోసం చాలా వెతికి, చివరికి మొన్ననే ఒకటి ఖాయం చేసుకున్నాడు: వెనకేయడం.

ఇక మిగిలింది ఫోటోగ్రాఫర్. స్టూడియో అతనికి తండ్రి నుంచి వచ్చింది. తండ్రి గాజు ప్లేట్ల మీద ఫోటోలు తీసిన కాలం మనిషి. ఏ వస్తువునూ పారేయని మనిషి. వెనకగదిలో చిన్న చిన్న గాజు గళ్ళ పెద్ద కిటికీ ఒకటి ఉండేది. ఆయన దీపాలను నమ్మేవాడు కాదు. ఆ కిటికీలోంచి వచ్చే మెత్తటి వెలుగులోనే మనుషులను కూర్చోబెట్టేవాడు. గళ్ళలో గాజు పగిలితే ఇంట్లో ఉన్న ముక్కేదో తెచ్చి అమర్చేవాడే తప్ప బజారుకు వెళ్ళేవాడు కాదు. ఆయన పోయాక, కంప్యూటర్ వచ్చాక, వెలుగు తెర మీద పడుతోందని కొడుకు ఆ కిటికీకి లోపలివైపు నల్లకాగితం అంటించేశాడు. అంటించాడే గానీ, చెక్కకు చెద పడుతోందని ఎవరు చెప్పినా తీయనివ్వలేదు. "నాన్న కిటికీ అది" అనేవాడు. అక్కడితో మాట ముగిసేది.

అలా చెప్పి చెప్పి విసిగినవారిలో మొదటివారు పైవాటాలో ఉండే ఇంటావిడ. ఫోటోగ్రాఫర్ ఆమెను పిన్నిగారూ అని పిలుస్తాడు. ఆమె పెళ్ళిఫోటో తీసింది ఆ కిటికీ ముందే. ఆమె భర్తకు ఫోటోలంటే గిట్టేది కాదు. ఆ పెళ్ళిఫోటో తర్వాత ఆయన ఏ కెమెరా ముందూ నిలబడలేదు. కిందటి వానల్లో ఆయన పోయారు. అదే తడికి గోడ మీది పెళ్ళిఫోటో చట్రపు గాజుకు అతుక్కుపోయింది. ఫోటోగ్రాఫర్ ముందు జాగ్రత్తగా దాన్ని స్కాన్ చేసి, ఆ తర్వాతే ఊడదీశాడు. ఊడదీస్తుండగా ముఖాలు రెండూ గాజుతోనే వెళ్ళిపోయాయి. ఇక ఆయన పడుచుతనం ఈ లోకంలో మిగిలింది ఒక్క ఫోటోగ్రాఫర్ కంప్యూటర్‌లోనే. అతను దాని మచ్చలూ మరకలూ తుడుస్తూ వచ్చాడు. ఇక చుబుకం దగ్గర కొంచెం పని మిగిలింది. కానీ ఆ ముసలి యంత్రం ఫోటో తెరవడానికి ఒక టీ, మూయడానికి ఇంకో టీ తీసుకుంటోంది. పిన్నిగారు ఆ రోజు మధ్యాహ్నం వచ్చి తీసుకుంటానన్నారు. నిఘంటువు ప్రవచనానికి ఫోటోగ్రాఫర్ తలొగ్గింది అందుకే.

నిఘంటువు వచ్చేసరికి స్టూడియో తలుపు ఇంకా తీయలేదు. మెట్ల మీద నిలబడి ఫోటోగ్రాఫర్‌కు ఫోన్ చేశాడు. ఎదురుగా లారీ ఒకటి వెనక్కి తిప్పుకుంటున్నందున గొంతు పెంచాడు.

"ఒరేయ్, ఈ రోజుతో నీ కిటికీల పీడ వదిలిస్తాను. మొత్తం పీకేద్దాం. ఎన్నాళ్ళని అతుకులు వేసుకుంటూ కూర్చుంటావు? లోపలంతా పురుగులు. నీకు మరీ బెంగగా ఉంటే మధ్యలో గోడ కడతాను, పాతది ఇటు, కొత్తది అటు. ఖర్చా? పైసా ఖర్చు లేదు, అంతా నా చేతులతో నేనే చేస్తాను."

పైన వరండాలో పిన్నిగారు తడిబట్టలు ఆరేస్తున్నారు. చేతిలోని దుప్పటి చేతిలోనే ఉండిపోయింది. ఇన్నాళ్ళకు ఆ అబ్బాయి మనసు మారిందన్నమాట, తనతో చెప్పడానికే మొహమాటపడుతున్నాడన్నమాట అనుకున్నారు. ఆ తర్వాత తొంగి చూసి, కళ్ళజోడుతో బక్కపలచగా ఉన్న నిఘంటువును, అతని చేతులను చూశారు. ఆ చేతులతో గోడ. ఆమె దుప్పటిని తీగ మీద పడేసి, సందు చివర కొట్టున్న వడ్రంగికి కబురు పంపారు: వెనకవైపు నుంచి వెళ్ళమని, స్టూడియోలోని పిల్లలిద్దరినీ అడిగి వాళ్ళు చెప్పినట్టే చేయమని, ఖర్చు తనదని. మధ్యలో గోడకు మేస్త్రీని కూడా పంపమన్నారు.

కింద ఫోటోగ్రాఫర్ వచ్చి తలుపు తీశాడు. తీస్తూనే కెమెరా సంచి భుజాన వేసుకున్నాడు. టీచర్ పనిచేసే బడిలో పిల్లల గుర్తింపు కార్డులకు ఫోటోలు తీయాలట, గంటలో వచ్చేస్తాడట. నిఘంటువు కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుని, వైద్యుడు ఆపరేషన్‌కు ముందు అడిగినంత గంభీరంగా అడిగాడు.

"అన్నీ వెనకేసుకున్నావా?"

గుమ్మం దాటబోతున్న ఫోటోగ్రాఫర్ ఆగాడు. ఇన్నేళ్ళ స్నేహంలో అతను తన బాగోగుల గురించి అడగడం ఇదే మొదటిసారి. కొంచెం కదిలిపోయాడు.

"ఏదో, నాకు తగ్గట్టు వెనకేశానురా. నాన్న నేర్పిన అలవాటు."

"ముఖ్యమైనవి?"

"ముఖ్యమైనవాటికే. రేపు ఏదైనా అయితే ఎవరి ముందూ చెయ్యి చాచక్కర్లేదు. నువ్వు కూడా మొదలుపెట్టరా, వయసు పోతే కష్టం."

తన మాట ఇంత సులువుగా జనంలోకి పాకినందుకు నిఘంటువు కళ్ళు చెమర్చాయి. స్నేహితుడు వెళ్ళాక పెన్‌డ్రైవ్ గుచ్చాడు. తెర నల్లబడింది, అక్షరాలు పారాయి, పాత మిత్రుడు పెంగ్విన్ వచ్చి కూర్చుంది. నిఘంటువుకు పక్కన ఒక ఖాళీ కుర్చీ ఉన్నట్టు, ఎవరో సినిమా కథ చెబుతున్నట్టు అనిపించింది. యంత్రం తన భాషలో అడిగింది: ఉన్నదంతా చెరిపేయమంటారా? అతను ఒక్క క్షణం ఆగాడు.

సరిగ్గా అదే క్షణంలో వెనకగదిలో, రెండు గదుల మధ్య వేలాడే గుడ్డకు అవతల వడ్రంగి నిలబడి ఉన్నాడు. పళ్ళ మధ్య రెండు మేకులు కరుచుకుని ఉన్నందున అతని మాట ముద్దముద్దగా వచ్చింది.

"కిటికీ మొత్తం తీసేయమంటారా?"

స్నేహితుడు ఏదో మరిచిపోయి వెనకదారిన వచ్చాడని, నోట్లో బిస్కెట్టో ఏదో ఉందని, ఆ 'మంటారా' వెటకారమని నిఘంటువు అనుకున్నాడు. తెర మీది నుంచి చూపు తిప్పలేదు. "మొత్తం. ఒక్క ముక్క కూడా ఉంచొద్దు."

"నిదానంగా ఊడదీయనా, పీకేయనా?"

"ఎలా చేసినా ఒకటే. వెనకేసుకున్నావుగా."

వడ్రంగి తన కొట్టు సంగతి, కిందటేడు కొన్న రంపపు మిషను సంగతి ఈ అబ్బాయికి ఎవరు చెప్పారా అని ఆశ్చర్యపోతూ వెళ్ళిపోయాడు. ఇక్కడ నిఘంటువు మీట నొక్కాడు; అక్కడ సుత్తి పడింది. రెండు గదుల్లోనూ కూల్చివేత ఒకే లయలో సాగింది. ఆ చప్పుడు పక్కింటి మరమ్మతుదని నిఘంటువు అనుకున్నాడు. ఇంత సందడిలో మనుషులు ఎలా పని చేసుకుంటారో అని కొంచెం చిరాకు కూడా పడ్డాడు.

ఫోటోగ్రాఫర్ తిరిగి వచ్చేసరికి ముందుగదిలో ఏదో తేడాగా ఉంది. గుడ్డ అంచుల కింద నుంచి తెల్లగా వెలుగు పాకుతోంది. చిన్నప్పుడు తండ్రి పిలుపు కోసం ఆ గుడ్డ పక్కనే నిలబడి చూసిన వెలుగు. అతను గుడ్డ తొలగించి చూసి, మళ్ళీ వేసేసి, స్నేహితుడి వైపు తిరిగాడు.

"కిటికీ ఏదిరా?"

"తీసేశాను," అన్నాడు నిఘంటువు తృప్తిగా.

"ఎవరు తీయమన్నారు?"

"నువ్వే కదరా. పొద్దున ఫోన్‌లో అనుకున్నాం కదా."

"అది నాన్న కిటికీ రా."

నిఘంటువు జాలిగా నవ్వాడు. "మీ నాన్నగారి కాలానికి ఇంకా కిటికీలు రాలేదురా. అప్పట్లో అంతా నల్లటి తెరే."

ఫోటోగ్రాఫర్ అతని రెక్క పట్టుకుని వెనకగదిలోకి లాక్కుపోయాడు. గోడలో పెద్ద చదరం ఆకాశం వైపు తెరుచుకుని ఉంది. దానిలోంచి పెరడు, పెరట్లో చెద తిన్న చట్రం, వరసగా పేర్చిన గాజులు కనబడ్డాయి, వాటి ముందు వడ్రంగి గొంతుక్కూర్చుని ఉన్నాడు. నిఘంటువు నోరు తెరిచాడు. అదే సమయానికి పిన్నిగారు మెట్లు దిగి, పెరటి వైపు నుంచి వచ్చారు. వడ్రంగిని పంపింది తానేనని, పొద్దున మాటలన్నీ విన్నానని, కొత్త కిటికీకి మంచి చెక్క వేయిద్దామని సంబరంగా చెప్పారు. అంత సంబరపడుతున్న మనిషిని ఎవరూ ఏమీ అనలేకపోయారు. చివరికి ఆమే అడిగారు, కొంచెం సిగ్గుగా, చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ.

"ఫోటో అయిందా నాన్నా?"

ఫోటోగ్రాఫర్ ముందుగదిలోకి వెళ్ళాడు. తెర మీద పెంగ్విన్ తప్ప మరెవరూ లేరు. చాలాసేపు వెతికాడు. తర్వాత చాలా నెమ్మదిగా, బడిలో పిల్లాడిని అడిగినట్టు అడిగాడు.

"ఫోటోలు ఎక్కడున్నాయి?"

"నాకేం తెలుసు? వెనకేసుకున్నానన్నావుగా."

"అవును. బ్యాంకులో."

"ఫోటోలు బ్యాంకులో ఎందుకు వేశావురా?"

నిఘంటువుకు విషయం అంచెలంచెలుగా అర్థమైంది: స్నేహితుడు వెనకేసింది ఫోటోలు కాదు, డబ్బు. ఎవరికైనా ఇట్టే అర్థమయ్యే మాట. అతను గోడకు ఆనుకుని, ప్రతిరూపనిక్షేపం అనే ఉండి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాడు. పైకి మాత్రం, పిన్నిగారి వైపు చూడలేక నేలతో చెప్పాడు: తప్పంతా తనదేనని, ఫోటో ఇక లేదని.

పిన్నిగారు వెనకగదిలో, పూర్వం మనుషులను కూర్చోబెట్టే ఎత్తు పీట మీద కూర్చున్నారు. వెలుగు ఆమె చెంప మీద పడుతోంది. కాసేపటికి ఆమే వాళ్ళను ఓదార్చారు.

"పోనీలెండి. ఆయనకి మొదటినుంచీ ఫోటో అంటే పడదు. ఆ రోజు కూడా ఒక పట్టాన కుదిరింది కాదు. మీ నాన్నగారు ఒకటి తీసి, కదిలారు, పాడైంది, మళ్ళీ తీయాలన్నారు. కొత్త పెళ్ళికూతుర్ని, తల వంచుకునే ఉన్నాను, నాకేం తెలుసు? నువ్వే కదిలావు అన్నారు ఈయన. బతికున్నన్నాళ్ళూ అదే మాట. ఇంట్లో గ్లాసు కింద పడితే కూడా, ఫోటోలో కదిలిన చెయ్యేగా అనేవారు."

పెరట్లోంచి వడ్రంగి గొంతు వినిపించింది. ఈసారి నోట్లో మేకులు లేవు. ఈ గాజుల్లో కొన్నిటికి మకిలి పట్టేసింది, పొడిగుడ్డకు పోవడం లేదు, బ్లేడుతో గీకేయమంటారా అని అడుగుతున్నాడు. నిఘంటువు అలవాటు కొద్దీ, గీకేయండి అనబోయాడు. ఆ ఉదయం నుంచి తన నోటి వల్ల జరిగినవన్నీ గుర్తొచ్చి, ఈసారి నోరు మూసుకున్నాడు. ఆ మౌనం వల్ల ఫోటోగ్రాఫర్‌కు పెరట్లోకి చూసే తీరిక దొరికింది.

వడ్రంగి ఒక గాజును ఆకాశానికి ఎత్తి పట్టుకున్నాడు. దానిలో మకిలి లేదు. నల్లటి ముఖం, తెల్లటి జుట్టు ఉన్నాయి.

ఫోటోగ్రాఫర్ ఆ చదరంలోంచే పెరట్లోకి దూకాడు. బ్లేడు లాక్కున్నాడు. ఒక్కొక్క గాజునే అంచులు పట్టుకుని ఎత్తి చూశాడు: చిన్నప్పటినుంచీ మసిమరకలనుకున్నవన్నీ నాన్న తీసిన గాజు నెగెటివ్‌లు, పాడైపోయిన ప్లేట్లు. కళ్ళు మూసుకున్న పెద్దమనిషి, ఏడుస్తున్న పసిబిడ్డ, ఎగిరిపోయిన టోపీ. ఏదీ పారేయని తండ్రి, గిరాకీలకు పనికిరాని ప్లేట్లన్నిటినీ కిటికీ గళ్ళకు సరిపోయేలా కోసి అమర్చుకున్నాడు. దేని ముందు కూర్చుని మనుషులు సరిగా రావాలని తంటాలు పడ్డారో, ఆ కిటికీ నిండా సరిగా రానివాళ్ళే ఉన్నారు.

కింది వరసలో ఒక ప్లేటు దగ్గర అతని చెయ్యి ఆగింది. తాను అంటించిన నల్లకాగితం ముక్క ఒకటి నేల మీద ఉంటే తీసి దాని వెనక పెట్టాడు. కొంచెం ఏటవాలుగా వంచాడు. నలుపు తెలుపై, తెలుపు నలుపై, ఇద్దరు మనుషులు పైకి తేలారు. పెళ్ళికూతురు తల వంచుకుని, రాయిలా, కదలకుండా కూర్చుని ఉంది. పెళ్ళికొడుకు కెమెరాను మరిచిపోయి, మెడ పూర్తిగా తిప్పి, ఆమెనే చూస్తూ నవ్వుతున్నాడు.

అతను దాన్ని పిన్నిగారి ఒడిలో పెట్టాడు. ఆమె కళ్ళజోడు సవరించుకుని చూశారు. వడ్రంగి గౌరవంగా చెవి మీది పెన్సిల్ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"కదిలింది ఆయనే," అన్నారు పిన్నిగారు. ఆమె గొంతులో దావా గెలిచిన మనిషి ధీమా ఉంది. కళ్ళలో మాత్రం మరేదో ఉంది. దాన్ని ఆమె చెంగుతో తుడుచుకున్నారు. "బతికుండగా దొరికితే చెప్పేదాన్ని ఆయన పని."

తర్వాత పనులు చకచకా జరిగాయి. ఫోటోగ్రాఫర్ ప్లేటును ఆ చదరంలో ఆకాశానికి ఎదురుగా నిలబెట్టి ఫోటో తీశాడు. నాన్న తర్వాత ఆ వెలుగులో తీసిన మొదటి ఫోటో అదే. కంప్యూటర్‌లో వేస్తే టీ పెట్టే అవసరం లేకుండానే తెరుచుకుంది. నిఘంటువు మీట నొక్కగానే నలుపు తెలుపులు తారుమారై, ఇద్దరూ తెర నిండా వచ్చి కూర్చున్నారు. పిన్నిగారు ఆ నవ్వు దగ్గర వేలు పెట్టి, ఇంత త్వరగా ఎలా వచ్చిందని అడిగారు. నిఘంటువు ఉత్సాహంగా గొంతు సవరించుకున్నాడు. ఫోటోగ్రాఫర్ చూసిన చూపుకు మళ్ళీ మింగేశాడు.

తీరా దాన్ని కాగితం మీదికి తెద్దామంటే ప్రింటరు పని చేయలేదు. ఎన్ని మీటలు నొక్కినా అది కొత్త వ్యవస్థను గుర్తుపట్టనట్టు నటించింది. దారి లేక టీచర్‌కు ఫోన్ చేసి జరిగిందంతా చెబితే, ఆమె మొదట కాసేపు నవ్వింది, ఆ తర్వాత ఇంకాసేపు నవ్వింది, పాత విండోస్ డిస్కు తీసుకుని బయలుదేరుతున్నానంది. తాను వచ్చేదాకా ఎవరూ ఎవరినీ ఏమీ అడగొద్దని, అడిగినా తెలుగులో అడగొద్దని హెచ్చరించింది.

ఫోటోగ్రాఫర్ తెర వైపు చూశాడు. గోడలోని చదరం వైపు చూశాడు. చివరికి నిఘంటువు భుజం మీద చెయ్యి వేశాడు.

"వేగంగానే ఉందిరా నీ పక్షి. ఉండనీ. కానీ కిటికీలూ కావాలి. మధ్యలో గోడ కట్టెయ్."

ఇన్నేళ్ళ ప్రచారానికి దక్కిన మొదటి సగం విజయం. నిఘంటువు ఆ మాటను గుండెల్లో దాచుకునేలోగా గుమ్మంలో నీడ పడింది. తాపీమేస్త్రీ, చేతిలో తాపీ, వెనక రిక్షాబండి నిండా ఇటుకలు.

"మధ్యలో గోడ అన్నారట. ఎక్కడ కట్టాలమ్మా?"

పిన్నిగారు ఫోటో మీది నుంచి చూపు తిప్పకుండానే చెయ్యి చాపి చూపించారు: "ఆ కంప్యూటర్‌కీ ఈ అబ్బాయికీ మధ్య."